ముద్ర కాగితం మోసిన భారం

యుద్ధాల అప్పు తీర్చడానికి డచ్చివాళ్లు 1624లో ముద్ర కాగితంపై పన్ను వేశారు. ఫ్రాన్సుతో పోరు ఖర్చులకు ఇంగ్లండు 1694లో అదే దారి పట్టింది. 1797లో ఈస్టిండియా కంపెనీ ప్రభుత్వం దాన్ని బెంగాలుకు తెచ్చింది. మొదటి ఇల్లు కొనే తెలుగు కుటుంబం నేటికీ కడుతున్న స్టాంపు డ్యూటీకి మూలం అక్కడుంది.

1882 నాటి ఆస్తి బదిలీ చట్టం వంద రూపాయలు, ఆపై విలువ చేసే స్థిరాస్తి అమ్మకానికి రిజిస్టరు దస్తావేజు ఉండాలంది. ఆనాడు వంద పెద్ద మొత్తమే. ఆ అంకె నేటికీ మారలేదు. 1899 స్టాంపు చట్టం, 1908 రిజిస్ట్రేషన్ చట్టం కూడా సవరణలతో నడుస్తూనే ఉన్నాయి.

సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుల చుట్టూ దస్తావేజు లేఖరుల వృత్తి పెరిగింది. సరిహద్దులు, సర్వే నంబరు, లింకు డాక్యుమెంట్ల వివరం తప్పు లేకుండా రాయడం నిజమైన నైపుణ్యం. వాళ్ల ఫీజును దండుగ అనడం అన్యాయం. 1998లో ఆంధ్రప్రదేశ్ ‘కార్డ్’ పేరుతో రిజిస్ట్రేషన్లను కంప్యూటర్లకెక్కించింది. తర్వాత కొన్నేళ్లకే తెల్గీ నకిలీ స్టాంపుల కుంభకోణం దేశాన్ని కుదిపేసింది.

తెలంగాణలో 2021 నుంచి స్టాంపు డ్యూటీ 5.5, బదిలీ సుంకం 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 0.5 శాతం. అంటే 50 లక్షల ఫ్లాటుకు 3,75,000 రూపాయలు. వకీలు లీగల్ ఒపీనియన్, ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్), బ్యాంకు ప్రాసెసింగ్ ఫీజు అదనం.

తొలిసారి కొనేవారికి ఇది మోయలేని బరువు. పైగా, ఈ ఖర్చులను ఇంటి విలువలో కలిపి అప్పు లెక్కగట్టొద్దని రిజర్వు బ్యాంకు 2012లో బ్యాంకులకు చెప్పింది. 2015లో ఇచ్చిన సడలింపు 10 లక్షలు దాటని ఇళ్లకే.