పప్పుబెల్లాలు – పుట్టినరోజు చాక్లెట్లు

వీధిబడుల కాలంలో పుట్టినరోజు పంపకమన్నది ఎరుగరు. అక్షరాభ్యాసంనాడు తోటి బాలలకు పలకలు, బలపాలు, పప్పుబెల్లాలు పంచేవారు. దసరాకు గిలకలు పట్టి ఇల్లిల్లూ తిరిగితే మళ్ళీ పప్పుబెల్లాలే. కలవారి బిడ్డకైనా అదే పిడికెడు!

1952లో చిత్తూరులో న్యూట్రిన్ వెలసింది. నేను ఉద్యోగంలో చేరేనాటికి పుట్టినరోజంటే చాక్లెట్లే. ఏ రకమన్నది తండ్రి జేబును బట్టి.

రిజిస్టరులో సగంమంది జన్మతేదీలు మేము ఉజ్జాయింపుగా వేసినవే. (ఆ పాపంలో నాకూ వాటా ఉంది.) ఒక బాలిక అడిగింది: "మాస్టారూ, నా పుట్టినరోజు ఎప్పుడండీ?" తీసి చూస్తే జూన్ 1, వేసవి సెలవులు; వ్రాత నాదే.

"నీకిష్టమైన రోజు చెప్పమ్మా" అన్నాను.

మరునాడు ఓణీ కొంగున పుట్నాలపప్పు, బెల్లం కట్టుకొని వచ్చింది.