మేధోమథనం – కంప్యూటర్ సమావేశాలు

అధ్యయన కేంద్రంలో తరగతి జరుగుతోంది. మీకొక మంచి ఆలోచన తట్టింది. కానీ వేరొకరు మాట్లాడుతున్నారు. మీ వంతు వచ్చేసరికి ఆ ఆలోచన కాస్తా మరిచిపోయారు. ఈ చిన్న అనుభవం వెనుక పెద్ద చరిత్రే ఉంది.

అమెరికా ప్రకటనల రంగానికి చెందిన అలెక్స్ ఆస్‌బోర్న్ మేధోమథనానికి నియమాలు రూపొందించారు. విమర్శించరాదు, వింత ఆలోచననైనా ఆహ్వానించాలి, వీలైనన్ని ఎక్కువ చెప్పాలి, ఇతరుల ఆలోచనలకు మెరుగులు దిద్దాలి. ఆయన 'అప్లైడ్ ఇమాజినేషన్' గ్రంథం 1953లో వెలువడింది. బృందంలో ఉన్న వ్యక్తికి ఒంటరిగా ఉన్నప్పటికంటే రెట్టింపు ఆలోచనలు వస్తాయని కూడా ఆయన చెప్పారు. చిక్కు వచ్చింది ఇక్కడే.

1958లో యేల్ విశ్వవిద్యాలయంలో టేలర్, బెర్రీ, బ్లాక్ ఈ మాటను పరీక్షించారు. కొందరు విద్యార్థులను నలుగురేసి చొప్పున కలిపి కూర్చోబెట్టారు. మరికొందరిని విడివిడిగా కూర్చోబెట్టి, తరవాత నలుగురేసి ఆలోచనలను కలిపి, ఒకే ఆలోచన మళ్ళీ వస్తే తీసివేసి లెక్కించారు. విడిగా కూర్చున్నవారి మొత్తమే దాదాపు రెట్టింపు! అయినా కార్యాలయాలు ఈ పద్ధతిని వదలలేదు. అందులో ఉన్న సందడి అలాంటిది మరి.

లోపం ఎక్కడుంది? సోమరితనమా, బిడియమా? 1987లో డీల్, స్ట్రోబె ఈ కారణాలను విడదీసి చూశారు. వారి ప్రయోగాలలో ఒకదానిని మీరు ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. ఒక్కొక్కరూ వేరు వేరు గదుల్లో ఉంటారు. వేరొకరు మాట్లాడుతున్నట్లు దీపం సూచిస్తే తాము మాట్లాడరాదు. పక్కన ఎవరూ లేకపోయినా ఆలోచనలు బాగా తగ్గిపోయాయి. అంటే అసలు ఆటంకం వంతు కోసం ఎదురుచూడటమే.

ఇదే దశకంలో అరిజోనా విశ్వవిద్యాలయంలో జే నునమేకర్ బృందం కంప్యూటర్లు అమర్చిన సమావేశ మందిరాన్ని ఏర్పాటు చేసింది. సభ్యులు తమ ఆలోచనను టైపు చేసి పంపగానే, ఇతరులు రాసిన మరో పేజీ తెరపైకి వస్తుంది. దానికి తమ మాట జోడిస్తారు. అందరూ ఒకేసారి చెప్పవచ్చు, ఎవరి పేరూ కనిపించదు. పై అధికారి మాటా, గుమాస్తా మాటా పక్కపక్కనే ఉంటాయి. నా దృష్టిలో వేగం కంటే ఇదే పెద్ద మార్పు.

1993లో డెనిస్, వలాసిచ్ ప్రచురించిన ఫలితాల్లో ఆరుగురి బృందాలకూ విడిగా పనిచేసినవారికీ తేడా కనిపించలేదు. పన్నెండుగురి బృందాలు మాత్రం కంప్యూటర్ ద్వారా ఎక్కువ ఆలోచనలు ఇచ్చాయి. ఆస్‌బోర్న్ మాట కొంతైనా నిలబడింది ఎవరూ నోరు విప్పని గదిలో! అయితే వివాదం ముగియలేదు. 1999లో పిన్సోనో, ఆయన సహచరులు ఈ ఉత్పాదకత ఒక భ్రమ అని వాదించారు. ఇతరుల ఆలోచనలు చదవడానికీ శ్రద్ధ ఖర్చవుతుంది కదా.