నల్లగొండ నీళ్లకు సర్కారు సొమ్ము: బోరు నుంచి భగీరథ దాకా

ఫ్లోరైడ్ సంగతి ప్రభుత్వాలకు ఆలస్యంగా తెలిసిందనడానికి వీల్లేదు. నెల్లూరు జిల్లా పల్లెల్లో ఎముకలు బిగుసుకుపోయే జబ్బు తాగే నీళ్లలోని ఫ్లోరైడ్ వల్లేనని షార్ట్ అనే పరిశోధకుడి బృందం 1937లోనే ప్రకటించింది. 1955లో సిద్దిఖీ అనే వైద్యుడు నల్లగొండ జిల్లాలోని అలాంటి రోగుల గురించి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశారు. ఆ తర్వాత ఆ జిల్లాలోని మర్రిగూడ, మునుగోడు పల్లెల్లో ఇంటింటికీ కృష్ణా జలాలు చేరడానికి అరవై ఏళ్లు పట్టింది.

ఆ అరవై ఏళ్లూ ఖజానా మూసుకుపోయి లేదు. 1972-73లో కేంద్రం గ్రామీణ నీటి సరఫరాకు నూరు శాతం గ్రాంటు ఇవ్వడం మొదలుపెట్టింది. మనిషికి రోజుకు 40 లీటర్లు, 250 మందికి ఒక చేతిపంపు అన్నది తర్వాత స్థిరపడిన కొలత. సమస్యాత్మక గ్రామాల జాబితాలో ఫ్లోరైడ్ ఊళ్లకూ చోటుంది. కానీ పని జరిగిందా లేదా అని చూసింది మాత్రం లీటర్లతోనే. నల్లగొండ అడుగున ఉన్నది గ్రానైటు. ఫ్లోరైడ్ ఆ రాతి నుంచే నీటిలో కరుగుతుంది. బావులెండిన కరువు రోజుల్లో దాహం తీర్చాలని దించిన బోర్లే చాలాచోట్ల ఆ విషాన్ని ఊరి నడుమకు తెచ్చాయి. మంచి ఉద్దేశంతో పెట్టిన ఖర్చు కూలి జనం వెన్నెముకలు వంచిందంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

1970ల్లో నాగపూర్‌లోని నీరి సంస్థ పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తీసే పద్ధతి కనిపెట్టింది. దానికి ఈ జిల్లా పేరే పెట్టారు. చవకైన పద్ధతే. అయితే రోజూ ఒకరు నీళ్లు పరీక్షించాలి, మోతాదు చూసి కలపాలి, అడుగున పేరుకున్న మడ్డి తీయాలి. ట్యాంకు కట్టడానికి ఒకసారి నిధులిస్తే సరిపోతుంది, ఆ మనిషికి మాత్రం నెలనెలా జీతమివ్వాలి. వానను నమ్ముకున్న రైతుల పంచాయతీ ఆ జీతం ఎక్కడి నుంచి తెస్తుంది? అలాంటి పల్లెలను కూడా 2002లో స్వజలధార పథకం కట్టుబడి ఖర్చులో పదో వంతు భరించమంది. విషం లేని నీళ్లకు పేదవాణ్ని వాటా అడగడం అన్యాయమే.

అంతకుముందే, 1996లో జిల్లా రైతుల ఓపిక నశించింది. దుశ్చర్ల సత్యనారాయణ నడిపిన జలసాధన సమితి పిలుపుతో రైతులు నల్లగొండ లోక్‌సభ స్థానానికి గుంపులుగా నామినేషన్లు వేశారు. బరిలో నిలిచినవారు 480 మంది, బ్యాలెట్ ఒక పుస్తకమైంది. అదే ఏడాది పార్లమెంటు లోక్‌సభ అభ్యర్థుల డిపాజిట్టును 500 నుంచి 10,000 రూపాయలకు పెంచింది. పుట్టంగండి దగ్గర నాగార్జునసాగర్ నీళ్లు ఎత్తిపోసి అక్కంపల్లి జలాశయం నింపే పథకం జిల్లాకు ఆశ కల్పించింది. కానీ ఆ జలాశయం నుంచే 2004లో హైదరాబాద్‌కు పెద్ద పైపులు సాగాయి. నల్లగొండ నేల మీదుగా వెళ్లే నీళ్లలో నల్లగొండ పల్లెలకు తొలి హక్కు దక్కాల్సింది.

2015 జూన్‌లో చౌటుప్పల్‌లో తెలంగాణ వాటర్‌గ్రిడ్ పైలాన్ లేచింది. ఆ పథకమే మిషన్ భగీరథ. నీతి ఆయోగ్ 19,205 కోట్ల రూపాయల గ్రాంటుకు సిఫారసు చేసినా కేంద్రం ఇవ్వలేదు. రాష్ట్రం అప్పు తెచ్చి ఇంటింటికీ నల్లా పెట్టింది. ఫ్లోరైడ్ పీడిత ఆవాసాల జాబితాలో తెలంగాణ ఇక లేదని 2020లో కేంద్రమే చెప్పింది. అది గొప్ప మార్పు. అయితే వంగిన ఎముకలు తిరిగి నిలబడవు, పాత బోర్లూ పూడిపోలేదు. లైను పగిలినా మోటారు కాలినా ఊరు మళ్లీ ఆ బోర్ల దగ్గరికే బిందె పట్టుకెళ్తుంది. అందుకే మరమ్మతులకు, కరెంటు బిల్లులకు, నీటి పరీక్షలకు ప్రతి బడ్జెట్లోనూ డబ్బు విడిగా కేటాయించాలి.