మా జావాకు యెజ్డీ ట్యాంకు



ఒకప్పుడు మన ఆఫీసుల ముందు జావా మోటారు సైకిళ్లు కనిపించేవి. 1929లో చెకొస్లొవేకియాలో జానెచెక్ అనే ఆయన, జర్మనీ వాండరర్ కంపెనీ మోటారు సైకిలు డిజైను కొని, రెండు పేర్ల మొదళ్లు కలిపి ‘జావా’ అని పెట్టాడు. 1961 నుంచి మైసూరులో తయారైంది. 1973 నుంచి అక్కడి బండికి యెజ్డీ అని పేరు. 1996లో ఫ్యాక్టరీ మూతపడింది.

ఆ తర్వాత రెండేళ్లకు, నేను పుంగనూరులో పనిచేస్తుండగా, నా జావా ట్యాంకు అడుగున తుప్పుపట్టి పెట్రోలు కారసాగింది. వెల్డింగు పెట్టమంటే మదనపల్లె మెకానిక్కు ఒప్పుకోలేదు. "ఖాళీ ట్యాంకులో ఆవిరి ఉంటుంది సార్, నిప్పు తగిలితే పేలుతుంది" అన్నాడు. చివరకు కుప్పంలో పాత సామాన్ల అంగట్లో యెజ్డీ ట్యాంకు దొరికింది. ముందువైపు కూర్చుంది గానీ వెనక బోల్టు రంధ్రాలు కలవలేదు. అతను ట్యాంకుకు నిప్పు చూపించకుండా, విడిగా ఇనుప పట్టీ చేయించి బిగించాడు. రాపిడి లేకుండా కింద సైకిలు ట్యూబు ముక్కలు పరిచాడు. హ్యాండిలు రెండు వైపులా పూర్తిగా తిప్పి, ఎక్కడా తగలడం లేదని చూశాకే పెట్రోలు పోయించాడు.

మా అమ్మాయి పెళ్లి శుభలేఖలు ఈ మూడూళ్లలోనూ ఆ బండి మీదే పంచాను. ఇప్పుడు మనవడు అసలు ట్యాంకు వెతికి వేయిద్దామంటున్నాడు. వద్దన్నాను. పేరులోనే రెండు కలిసిన బండి అది. ఇంకొకటి కలిస్తే తప్పేముంది?