1500 బైట్ల పాదం

కర్నూలు నుండి నంద్యాల వెళ్లే రహదారి మీద ఉన్న మా ఓర్వకల్లు ప్రాంతంలో కొన్నేళ్లుగా ఒక మాట సామెతలా స్థిరపడిపోయింది: "సర్వర్ పని చేయడం లేదు." కులధ్రువీకరణ పత్రం కావచ్చు, అడంగల్ నకలు కావచ్చు, పిల్లల ఉపకారవేతనం దరఖాస్తు కావచ్చు, దేనికి వెళ్లినా ఎప్పుడో ఒకప్పుడు ఈ మాట వినవలసిందే. ఇందులో ఒక విచిత్రం ఉన్నది. కొన్నిసార్లు మొదటి పుట చక్కగా తెరుచుకొంటుంది. పేరూ ఊరూ నింపేదాకా ఆటంకం ఉండదు. ఛాయాచిత్రం జత చేసి పంపబోతే మాత్రం చక్రం తిరుగుతూనే ఉంటుంది. కూలి మానుకొని వచ్చినవాడు ఉత్తచేతులతో ఇంటికి పోతాడు. ఈ లక్షణానికి కారణాలు అనేకం. వాటిలో ఒకదానికి మాత్రం చక్కని చరిత్ర ఉన్నది. దానిని నాకు తెలిసిన పరిభాషలో చెప్పే ప్రయత్నమిది.

1973లో అమెరికాలోని జిరాక్స్ సంస్థ పాలో ఆల్టో పరిశోధనాలయంలో రాబర్ట్ మెట్‌కాఫ్ ఈథర్‌నెట్ అనే పద్ధతిని ఊహించాడు. డేవిడ్ బాగ్స్‌తో కలిసి దానికి రూపమిచ్చాడు. 1980లో డిజిటల్, ఇంటెల్, జిరాక్స్ సంస్థలు మూడూ కలిసి దానికొక ప్రమాణం ప్రకటించాయి. కంప్యూటర్లు పంపుకొనే సమాచారాన్ని ముక్కలుగా విడగొట్టాలి, ఒక్కొక్క ముక్కలో గరిష్ఠంగా 1500 బైట్ల విషయం ఉండవచ్చు అన్నది అందులోని నియమం. ముందు 14 బైట్ల చిరునామా, చివర 4 బైట్ల పరీక్షాసంఖ్య కలిపితే మొత్తం 1518. కనిష్ఠం 64. పద్యపాదానికి అక్షరసంఖ్య ఉన్నట్టు తంత్రీజాలానికి ఇది పాదనియమం అన్నమాట. ఆనాడు జ్ఞాపకశక్తి చిప్పులు ఖరీదైనవి కనుక ఆ కొలత సబబుగానే తోచింది. నాలుగు దశాబ్దాలు దాటినా లోకమంతా ఇంచుమించు ఆ కొలతనే పట్టుకొని ఉన్నది.

కంప్యూటరులో తీగ తగిలించే కార్డుకూ, లోపలి నిర్వహణ వ్యవస్థకూ నడుమ దుబాసీగా ఉండే తంత్రాంశమే నెట్‌వర్క్ డ్రైవరు. కార్డు చెప్పేది వ్యవస్థకు అర్థం కాదు, వ్యవస్థ కోరేది కార్డుకు తెలియదు. దుబాసీ తెలివైనవాడైతే ఇద్దరికీ పని జరుగుతుంది. తెలివితక్కువవాడైతే ఇద్దరూ మంచివాళ్లే అయినా వ్యవహారం చెడుతుంది.

ఈ దుబాసీని పరీక్షించేవారు మొదట చూసేది వేగం. సెకనుకు పది కోట్ల బిట్లు పంపగల తీగ మీద 1518 బైట్ల ముక్కలైతే సెకనుకు సుమారు 8,127 మాత్రమే పడతాయి. 64 బైట్ల చిన్న ముక్కలైతే 1,48,800 పైచిలుకు పడతాయి. తీగ అదే, బరువూ ఇంచుమించు అదే, లెక్కపెట్టవలసిన మూటలు మాత్రం పద్దెనిమిది రెట్లు. పాతకాలపు డ్రైవర్లలో ప్రతి మూటా వచ్చి తలుపు తట్టేది. తట్టినప్పుడల్లా చేతిలో పని వదిలి లేచి వెళ్లాలి. మూటలు మరీ ఎక్కువైతే తలుపు తీయడంతోనే పొద్దు గడిచిపోయి, వచ్చిన అతిథికి పీట వేసేవాడు ఉండడు. డిజిటల్ సంస్థలో పనిచేసిన జెఫ్రీ మోగుల్, కె.కె. రామకృష్ణన్ 1996లో ఈ దుస్థితిని విశ్లేషించి ఉపాయం చెప్పారు. రద్దీ పెరిగినప్పుడు తలుపు తట్టడం మాన్పించి, మనమే అప్పుడప్పుడు వాకిట్లోకి వెళ్లి ఉన్నవారినందరినీ ఒకేసారి లోపలికి తీసుకురావాలన్నదే దాని సారం. తరువాత లినక్స్‌లో నాపి అనే పేరుతో వచ్చిన పద్ధతి ఇదే దారిది. 1999లో స్కాట్ బ్రాడ్నర్, జిమ్ మెక్వైడ్ రాసిన ఆర్.ఎఫ్.సి. 2544 అనే పత్రం ఈథర్‌నెట్ పరికరాలను 64, 128, 256, 512, 1024, 1280, 1518 బైట్ల కొలతలన్నిటితోనూ పరీక్షించాలని చెప్పింది. ఒక్క కొలతతో పరీక్షిస్తే సత్యం సగమే తెలుస్తుందని అనుభవం నేర్పిన పాఠం.

అయితే అసలు చిక్కు కొలత లోపల కాక, కొలత దాటినచోట మొదలయింది. ఒకే తీగ మీద జమాఖర్చుల శాఖ, పరీక్షల శాఖ, విద్యార్థుల గది వేరువేరుగా, ఒకరి మాట ఒకరికి వినబడకుండా నడవాలన్న అవసరం వచ్చింది. 1998లో ఐ.ఇ.ఇ.ఇ. సంస్థ 802.1క్యూ అనే ప్రమాణం వెలువరించింది. ప్రతి ముక్కలోనూ చిరునామాల తరువాత 4 బైట్ల చీటీ ఒకటి అతికిస్తారు. అందులో 12 బిట్లు శాఖ సంఖ్యకు, కాబట్టి 4,094 శాఖలదాకా వాడుకోవచ్చు. దీనినే వీల్యాన్ అంటారు. చీటీ చేరడంతో గరిష్ఠం 1518 నుండి 1522 అయింది.

ఇక్కడ ఛందస్సు గుర్తుకు వస్తుంది. ఉత్పలమాలలో పాదానికి 20 అక్షరాలు, పదో అక్షరం యతిస్థానం. ఆ మొదటి గురువును రెండు లఘువులుగా విడగొడితే అదే చంపకమాల: 21 అక్షరాలు, పదకొండో అక్షరం యతి. తక్కిన నడక అంతా ఒకటే. ఉత్పలమాల మాత్రమే నేర్చిన విద్యార్థి చేతికి చంపకమాల పాదం ఇస్తే రెండు పొరపాట్లు చేస్తాడు. ఒక అక్షరం ఎక్కువైందని పాదాన్ని కొట్టివేస్తాడు, లేదా యతిని పదోచోట వెదికి తప్పిందంటాడు. పాత డ్రైవర్లూ, పాత కార్డులూ సరిగ్గా ఈ రెండే చేశాయి. 1518 దాటిన ముక్కను "దీర్ఘదోషం" అని పారవేసినవి కొన్ని. 4 బైట్లు జరిగిపోయిన సంగతి ఎరగక పాతచోటనే వెదికి, లెక్క తప్పినవి కొన్ని. 2001లో లినక్స్ 2.4 శ్రేణిలో వీల్యాన్ సదుపాయం చేరినప్పుడు అనేక డ్రైవర్లను ఇందుకోసం సవరించవలసి వచ్చింది. సవరణ అందనిచోట 1500ను 1496కు తగ్గించుకొని సరిపెట్టుకొన్నారు.

తరువాతిది సొరంగం. ఒక ఉత్తరాన్ని కవరుతో సహా మరొక కవరులో పెట్టి పంపడం వంటిది. 1994 నాటి జి.ఆర్.ఇ. పద్ధతి తరువాత స్థిరపడిన సరళరూపంలో కవరు బరువు 24 బైట్లు, లోపల మిగిలేది 1476. టెలిఫోన్ తీగల బ్రాడ్‌బ్యాండుకు వాడిన పి.పి.పి.ఓ.ఇ. 1999 నాటిది, దాని కవరు 8 బైట్లు, మిగిలేది 1492. పెద్ద పెద్ద డేటా కేంద్రాల కోసం 2014లో వచ్చిన వీఎక్స్‌ల్యాన్ కవరు 50 బైట్లు, మిగిలేది 1450. పైగా చాలా కార్డులు పరీక్షాసంఖ్యలు కట్టడం, పెద్ద మూటలను ముక్కలు చేయడం తామే చేసి ప్రధాన యంత్రానికి శ్రమ తగ్గిస్తాయి. లోపలి కవరును చదవలేని కార్డు ఆ చాకిరీ మానుకొంటుంది. పని అంతా ప్రధాన యంత్రం మీద పడి వేగం కుంగిపోతుంది.

మా జిల్లా చరిత్రలోనే దీనికి పోలిక ఉన్నది. సుంకేసుల ఆనకట్ట నుండి కడప దాకా 1863-1870 నడుమ మద్రాస్ ఇరిగేషన్ కంపెనీ తవ్విన కె.సి. కాలువను సాగునీటికే కాక పడవల రాకపోకలకు కూడా ఉద్దేశించారు. లాకులున్న కాలువలో ఎంత పెద్ద పడవ నడవవచ్చునో నిర్ణయించేది కాలువ వెడల్పు కాదు, దారిలోని అన్నిటికన్నా చిన్న లాకు. జాలంలోనూ అంతే. దారిలో ఇరుకైన చోట ఉన్న యంత్రం "నీ మూట పెద్దది, తగ్గించి పంపు" అని వెనక్కి కబురు పంపాలని 1990 నాటి ఆర్.ఎఫ్.సి. 1191 ఏర్పాటు చేసింది. కానీ భద్రత పేరుతో చాలాచోట్ల కావలివాళ్లు ఆ కబురునే అడ్డుకొంటారు. అప్పుడు పంపినవాడికి కబురు అందదు, మూట గమ్యం చేరదు. చిన్న పలకరింపులన్నీ చేరుతాయి, పెద్దవి మాయమవుతాయి. దీనిని కృష్ణబిలం అంటారు. 2000లో ఆర్.ఎఫ్.సి. 2923 ఈ రోగాన్ని వివరంగా వర్ణించింది. మొదటి పుట తెరుచుకొని ఛాయాచిత్రం దగ్గర ఆగిపోవడానికి ఇదొక కారణం.

తెలుగువారికి ఇందులో మరొక సంగతి ఉన్నది. యూటీఎఫ్-8 పద్ధతిలో ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు, తెలుగులో ప్రతి సంకేతానికి మూడు బైట్లు. "క్ష" రాస్తే క, పొల్లు, ష కలిసి తొమ్మిది. 1500లో మామూలు శీర్షికలు పోగా మిగిలే 1460 బైట్లలో ఇంగ్లీషు అక్షరాలు 1460 పడితే తెలుగు సంకేతాలు 486 పడతాయి. కుదించి పంపే ఏర్పాటు ఉన్నచోట ఈ తేడా తగ్గుతుంది, లేనిచోట మన పుటే ముందుగా పెద్ద మూట అవుతుంది. రెండు ఇంగ్లీషు మాటలు పంపి "బాగానే ఉన్నది" అని ముగించే పరీక్ష మన భాషకు చాలదు.

2005లో బి.ఎస్.ఎన్.ఎల్. డేటావన్ వచ్చినప్పుడు మనలో చాలామంది తొలిసారి ఆ 8 బైట్ల కవరులో తెలుగు రాశాము, చదివాము. 2017 డిసెంబరు 27న ఆంధ్రప్రదేశ్ ఫైబర్ గ్రిడ్‌ను రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించారు. కరెంటు స్తంభాల మీదుగా తీగ లాగి, నెలకు 149 రూపాయలకు టెలివిజన్, టెలిఫోన్, అంతర్జాలం మూడూ ఇవ్వడం దాని సంకల్పం. 2021 మార్చిలో ఓర్వకల్లుకు విమానాశ్రయం వచ్చింది. 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన పారిశ్రామిక నగరాలలో ఓర్వకల్లూ, కడప జిల్లా కొప్పర్తీ ఉన్నాయి. ఇకమీదట ఈ రాళ్లసీమలో తీగలూ, చీటీలూ, కవరులూ పెరుగుతాయే కాని తగ్గవు.

కనుక పరీక్షించేవారు చేయవలసినది స్పష్టం. చిన్న ముక్కతోనూ, నిండు ముక్కతోనూ చూడాలి. చీటీ లేకుండా ఒకసారి, చీటీతో ఒకసారి, కవరులో పెట్టి ఒకసారి చూడాలి. పంపిన మూటలెన్ని, చేరినవెన్ని అని రెండువైపులా లెక్క సరిచూడాలి. ఇది కొత్త విద్య కాదు. 1990లలో ఓర్వకల్లు మండలంలో పొదుపు సంఘాలు పెట్టుకొన్న స్త్రీలు రూపాయి రూపాయికీ చేసినది ఈ పనే. పుస్తకంలో రాసినదీ, పెట్టెలో ఉన్నదీ సరిపోయేదాకా సమావేశం ముగిసేది కాదు.

ఎక్కడో ఒక యంత్రశాలలో ఎవరో నిండు ముక్కతో పరీక్షించకుండా వదిలిన డ్రైవరు, దారిలో ఎవరో అడ్డుకొన్న చిన్న కబురు, ఈ రెంటి ఖరీదు చెల్లిస్తున్నది ఆ మాటలేవీ ఎన్నడూ వినని మనిషి. అతడికి మనం చెబుతున్నది "సర్వర్ పని చేయడం లేదు" అని మాత్రమే. నిజానికి చాలాసార్లు సర్వర్ పనిచేస్తూనే ఉంటుంది. పని చేయనిది నాలుగు బైట్లో, ఎనిమిది బైట్లో ఎక్కువైనచోట మన పరీక్ష.