వాటా పెట్ట

మన్యం చరిత్ర రాసినవాళ్ళకు మన పెద్దలు ఎక్కువగా సాహుకారు పుస్తకంలోనే కనిపించారు: ఎవరు ఎంత బాకీ, ఎవరి పొలం ఎప్పుడు పోయింది. ఆ పుస్తకానికి ఎక్కని లావాదేవీ ఒకటి మన ఇళ్ళ మధ్య ఎంతోకాలం నడిచింది. తూర్పుగోదావరి మన్యంలో దాన్ని వాటా అంటారు.

కోళ్ళు లేని ఇంటికి, ఉన్న ఇల్లు ఒక పెట్టను ఇస్తుంది. తీసుకున్నవాళ్ళు దాన్ని మేపాలి, రాత్రి గంప కింద మూయాలి, పిల్లి నుంచీ గద్ద నుంచీ కాపాడాలి. పెట్ట పొదిగి పిల్లల్ని లేపాక, అవి కాస్త ఎదిగితే చెరిసగం. పెట్ట తిరిగి సొంత ఇంటికి పోతుంది. రెండో ఇంటికి మిగిలిన సగంలో రెండు ఆడపిల్లలుంటే చాలు, ఏడాది తిరిగేసరికి ఆ ఇల్లే మరొకరికి వాటాకు ఇవ్వగలదు. మేకలకూ ఇదే పద్ధతి, లెక్క మాత్రం ఊరిని బట్టి మారుతుంది. కోళ్ళ వాటా చాలావరకు ఆడవాళ్ళ వ్యవహారం. కొత్తగా వేరు కాపురం పెట్టిన కోడలికీ, మొగుడు పోయిన ఆడమనిషికీ చేతిలో పైసా లేకుండా ఆస్తి మొదలయ్యే దారి అది. తగాదాలు లేవని కాదు. గద్ద వాటా పిల్లల్నే ఏరి ఎత్తుకుపోతుందేమిటని మా అవ్వలు వేళాకోళం ఆడేవారు.

తెగులు వచ్చి పెట్ట చస్తే? ఒకరికి పెట్ట పోయింది, ఇంకొకరికి చాకిరీ పోయింది. బాకీ మిగలదు. అప్పు అలా కాదు. అప్పు చేసి కొన్న ఎద్దు చచ్చినా అప్పు బతికే ఉంటుంది. మన్యంలో వడ్డీ ఎంత దూరం పోయిందంటే, 1917లో ఏజెన్సీ ప్రాంతాల వడ్డీ, భూబదలాయింపు చట్టం తేవలసి వచ్చింది. కొండజాతుల వారి దగ్గర ఏడాదికి నూటికి 24కి మించి వడ్డీ వసూలు చేయరాదనీ, చక్రవడ్డీ చెల్లదనీ అందులో రాశారు. నూటికి 24 తక్కువేమీ కాదు. అదే రక్షణ అయిందంటే అంతకుముందు ఎంత గుంజారో ఊహించుకోవచ్చు.

స్వాతంత్ర్యం వచ్చాక పథకాలు వచ్చాయి. వాటితో పాటు మేలుజాతి పేరుతో బయటి కోళ్ళూ వచ్చాయి. లెక్క చూస్తే మన అసీల్ పెట్ట ఏడాదికి 30, 40 గుడ్లు పెడుతుంది, లెగ్‌హార్న్ 200 దాటి పెడుతుంది. కాగితం మీద లెగ్‌హార్న్‌దే గెలుపు. అయితే అది పొదగదు. పొదగని పెట్టకు పిల్లల్లేవు, పిల్లల్లేని చోట వాటా లేదు. దాణా కొనాలి, మళ్ళీ పిల్లలు కావాలంటే మళ్ళీ కొనాలి. కోడి మారితే కోడితో ముడిపడిన చుట్టరికం కూడా తెగుతుందని ఆ పథకాలు రాసినవాళ్ళకు తట్టలేదు. దీనికి కొక్కెర తెగులు తోడయింది. వచ్చిందంటే ఊళ్ళో గంపలన్నీ ఖాళీ. టీకా ఉంది కానీ దాన్ని చల్లగా ఉంచాలి, కరెంటు లేని గూడేనికి ఐసు ఎక్కడిది?

1990ల చివర అంత్ర, గిరిజన దీపిక సంస్థలు ఈ ప్రాంతంలో ఆడవాళ్ళతో కూర్చుని కోళ్ళ సంగతి మాట్లాడినప్పుడు వాటా మాట మళ్ళీ పైకి వచ్చింది. ముందు తెగులుకు టీకాలు, ఆ తరువాత అసీల్ పెట్టల్ని వాటా పద్ధతిలోనే ఇంటి నుంచి ఇంటికి పంపడం. కొత్త పథకం పేరు పెట్టకుండా పాత పేరుతోనే నడపడం మాకు నచ్చింది.

ఇదే ఆలోచన ప్రపంచంలో వేరే పేర్లతో పేరుపొందింది. స్పెయిన్ అంతర్యుద్ధంలో ఆకలిగొన్న పిల్లలకు పాలు పంచిన డాన్ వెస్ట్ అనే అమెరికా రైతు, గ్లాసు పాలకన్నా ఆవునే ఇస్తే మేలనుకున్నాడు. 1944లో 17 పెయ్యలు ఓడలో ప్యూర్టోరికోకు వెళ్ళాయి. అలా పుట్టిన హైఫర్ సంస్థ నియమం ఒకటే: పుట్టిన మొదటి పెయ్యను మరో పేద ఇంటికి ఇవ్వాలి. రువాండా 2006లో మొదలుపెట్టిన గిరింకా కార్యక్రమంలోనూ మొదటి పెయ్య పొరుగింటికే. వీటి మీద పుస్తకాలున్నాయి. వాటా మీద మన బడి పాఠంలో ఒక్క వాక్యం లేదు.

ఉపాధ్యాయులు ఈ పని పిల్లలకు అప్పగించవచ్చు. ఇంట్లో మొదటి పెట్ట ఎవరింటి నుంచి వచ్చిందో, వాళ్ళకు ఎవరిచ్చారో అవ్వను అడిగి, ఆ ఇళ్ళ పేర్లు వరుసగా నోటుపుస్తకంలో రాసుకు రమ్మనండి.