వనమా, తటాకమా?

పుత్రుడు, తటాకం, వనం, దేవాలయం, అగ్రహారం, నిధి, కృతి: వీటిని మన పెద్దలు సప్తసంతానాలన్నారు. మనిషి గతించినా అతని పేరును నిలిపేవి ఇవి. ముప్పై ఏళ్ళకు పైగా తరగతి గదిలో ఈ పాఠం చెప్పాను. ఈ ఏడింటిలో రెండు పరస్పరం కలహించవచ్చునన్న ఆలోచన నాకు ఎన్నడూ కలుగలేదు, ఏ విద్యార్థీ అడగనూ లేదు. గత డిసెంబరులో, కాలిఫోర్నియాలో ఒక చిన్న వాగు ఒడ్డున నడుస్తూండగా ఆ సంగతి తెలిసివచ్చింది.

సాన్ ఫ్రాన్సిస్కోలో ఉంటున్న మా అబ్బాయి నన్నూ, మా ఆవిడనూ మ్యూర్ వుడ్స్‌కు తీసుకువెళ్ళాడు. గోల్డెన్ గేట్ వంతెన దాటి ఉత్తరంగా పోతే టమల్‌పైస్ కొండ పాదాన ఉన్న ఇరుకైన లోయ అది. విస్తీర్ణం 554 ఎకరాలు, అంటే మన వైపు ఒక మోస్తరు ఊరి పొలమంత. లోయ మధ్యగా రెడ్‌వుడ్ క్రీక్ అనే వాగు పారుతుంది. వాగు వెంబడి చెక్కబాట, వాగును దాటించే నాలుగు చిన్న వంతెనలు. మూడవ వంతెన దాకా వెళ్ళి తిరిగి రావడానికి మా నడకకు గంటకు పైనే పట్టింది.

ఇరుపక్కలా రెడ్‌వుడ్ వృక్షాలు. వీటిలో అత్యున్నతమైనది 250 అడుగులు మించినది. చాలా చెట్ల వయస్సు 600 నుండి 800 ఏళ్ళు. అన్నిటికన్నా వృద్ధ వృక్షానికి 1,200 ఏళ్ళు ఉంటాయంటారు. అంటే నన్నయగారు భారతాంధ్రీకరణకు పూనుకొనేనాటికే అది మహావృక్షం. వేసవిలో వానలుండవు కనుక, సముద్రం మీదినుండి వచ్చే పొగమంచే ఆకుల మీద నీరుగా మారి, బొట్లుబొట్లుగా రాలి వేళ్ళకు చేరుతుంది. వానాకాలమైన శీతకాలంలో కోహో సాల్మన్ చేపలు పసిఫిక్ మహాసముద్రం నుండి ఎదురీదుకుంటూ తాము పుట్టిన ఈ వాగుకే వచ్చి, గ్రుడ్లు పెట్టి, ఇక్కడే ప్రాణం విడుస్తాయి. ఆనాడు మాకు ఒక్కటీ కనబడలేదు.

ఈ కొండలోయలు మొదట కోస్ట్ మీవోక్ అనే ఆదివాసుల నివాసభూమి. 19వ శతాబ్దంలో చుట్టుపక్కల రెడ్‌వుడ్ అడవులన్నీ కలప కోసం నేలకూలగా, దుర్గమమైన ఈ లోయ మాత్రం మిగిలింది. 1905లో విలియం కెంట్ అనే సంపన్నుడు 45,000 డాలర్లకు ఇక్కడ 611 ఎకరాలు కొన్నాడు. చేతిలో ఉన్నది చాలక అప్పు చేసి మరీ కొన్నాడు. ఆ మరుసటి యేడు, 1906 ఏప్రిల్ 18న భూకంపం వచ్చింది, దాని వెంట అగ్నిప్రమాదం. సాన్ ఫ్రాన్సిస్కో నగరం చాలావరకు నాశనమైంది. నగరాన్ని తిరిగి కట్టడానికి కలప కావాలి, జనానికి నీరు కావాలి.

కలహం ఇక్కడ మొదలైంది. 1907లో ఒక నీటి సరఫరా సంస్థ ఈ వాగుకు అడ్డంగా ఆనకట్ట కట్టి జలాశయం నిర్మించ సంకల్పించింది. ప్రజాప్రయోజనం పేరిట కెంట్ భూమిలో 47 ఎకరాలు స్వాధీనం చేయించవలసిందిగా న్యాయస్థానాన్ని ఆశ్రయించింది. వ్యాజ్యం నడిస్తే కెంట్ ఓడిపోవడానికే అవకాశం ఎక్కువ. ప్రైవేటు వ్యక్తి భూమినైతే అలా తీసుకోవచ్చు. కేంద్ర ప్రభుత్వపు భూమిని తీసుకోలేరు. కెంట్ ఈ సూక్ష్మం పట్టుకున్నాడు. వాగు, దాని ఒడ్డునున్న వనం కలిసి 295 ఎకరాలను 1907 డిసెంబరులో ప్రభుత్వానికి దానపత్రం వ్రాసి ఇచ్చేశాడు. 1908 జనవరి 9న అధ్యక్షుడు థియొడోర్ రూజ్వెల్ట్ దానిని జాతీయ స్మారకంగా ప్రకటించాడు. ఒక వ్యక్తి దానమిచ్చిన భూమితో ఏర్పడిన తొలి జాతీయ స్మారకం ఇదే. కెంట్ తన చేతిలోనుండి వదులుకొనడం వల్లనే వనం నిలిచింది.

రూజ్వెల్ట్ దీనికి కెంట్ పేరే పెడతానన్నాడు. కెంట్ అంగీకరించలేదు. తనకు అయిదుగురు కొడుకులున్నారనీ, వారు నిలపలేని పేరు మరుగునపడినా చింత లేదనీ బదులు వ్రాసి, ప్రకృతిని గురించి గ్రంథాలు రచించిన జాన్ మ్యూర్ పేరు పెట్టించాడు. పుత్రసంతానం తనకు చాలునని, వనసంతానాన్ని ఒక కృతికర్త పేర ధారపోశాడన్నమాట!

కథ ఇక్కడ ఆగితే ఎంత బాగుండును. కాని 1911లో కెంట్ అమెరికా కాంగ్రెసు సభ్యుడయ్యాడు. సాన్ ఫ్రాన్సిస్కో నీటి కోసం యోసెమిటీ జాతీయోద్యానంలోని హెచ్ హెచీ లోయను ముంచి ఆనకట్ట కట్టాలన్న ప్రతిపాదన అప్పుడు సభ ముందుకు వచ్చింది. మ్యూర్ ప్రాణం పెట్టి దానిని ప్రతిఘటించాడు. కెంట్ ఆనకట్ట పక్షాన నిలిచాడు. 1913 డిసెంబరు 19న అది చట్టమైంది. సరిగ్గా యేడాది గడిచి అయిదు రోజులకు మ్యూర్ కన్నుమూశాడు. ఇక్కడ వనం గెలిచింది, అక్కడ తటాకం గెలిచింది; రెండింటా చేయి వేసినవాడు ఒక్కడే. 1916లో జాతీయోద్యానాల రక్షణకు ప్రత్యేక శాఖను నెలకొల్పే బిల్లును దిగువసభలో ప్రవేశపెట్టినవాడూ ఆయనే.

మరి హెచ్ హెచీని తిట్టుకొని ఊరుకుందామా అంటే, ఆ ఉదయం మా కోడలు కలిపి ఇచ్చిన కాఫీలోని నీరు అక్కడిదే. తటాకం పాపమని ఎలా అనను? 1369 నాటి పోరుమామిళ్ళ శాసనం మంచి చెరువుకు పన్నెండు లక్షణాలను లెక్కపెట్టి చెప్పింది. చెరువు త్రవ్విన చేతులను మనం మొక్కుతూ వచ్చాం. నగరానికి నీరు ధర్మమే, అడవికి వాగు ధర్మమే. రెండు ధర్మాలు ఎదురుపడినప్పుడు నష్టపడేది ఏదో, ఆ నష్టం మళ్ళీ పూడేదో కాదో చూడడం ఒక్కటే మార్గమని నాకు తోస్తున్నది. చెరువుకు మరొక చోటు వెదకవచ్చు. వెయ్యేళ్ళ వృక్షానికి ఆ సౌకర్యం లేదు.

ఇంకొక ముల్లు కూడా ఉన్నది. ఆసియావాసులు అమెరికాకు వలస రావడాన్ని కెంట్ బహిరంగంగా వ్యతిరేకించాడు. 1917 చట్టం భారతీయుల రాకకు తలుపులు మూసింది. ఇక్కడి కెథీడ్రల్ గ్రోవ్ అనే చెట్లగుంపు నడుమ, 1945 మే 19న, ఐక్యరాజ్య సమితి స్థాపనకై సాన్ ఫ్రాన్సిస్కోలో సమావేశమైన దేశాల ప్రతినిధులు అంతకు ముందు నెలలో మరణించిన ఫ్రాంక్లిన్ రూజ్వెల్ట్‌కు నివాళులర్పించారు. ఆ సదస్సులో భారత ప్రతినిధి వర్గానికి నాయకుడు మన కర్నూలులో పుట్టిన ఆర్కాటు రామస్వామి మొదలియారు. ఆనాటికి సామాన్య భారతీయుడు ఈ దేశంలో స్థిరపడడానికి వీలు లేదు. 1946లో ఏడాదికి వందమందికి అనుమతి దొరికింది. తలుపులు బాగా తెరుచుకున్నది 1965 చట్టంతోనే. మా అబ్బాయి వంటివారు వచ్చింది ఆ త్రోవనే.

కెంట్ అభిప్రాయాలు, ఆదివాసుల గాథ, ఈ వనరక్షణకై ముందే పోరాడిన స్త్రీల కృషి ఇక్కడి ఫలకం మీద లేవని, 2021లో ఉద్యోగులు వాటిని తెలిపే చీటీలను ఆ ఫలకానికి జతపరిచారు. 2025 జూలైలో వాటిని తొలగించారు. నా మనస్సుకు ఇది నచ్చలేదు. దాత లోపాన్ని చెప్పినంత మాత్రాన దానం చిన్నబోదు.

వాగు విషయంలో ఇంతకన్న మంచి పని జరిగింది. 1930లలో ఒడ్డులు కోసుకుపోకుండా రాళ్ళ గోడలు కట్టారు. మంచి ఉద్దేశమే, కాని ప్రవాహం వడి హెచ్చి, చేపపిల్లలు తలదాచుకునే మడుగులు కరవయ్యాయి. 2019లో ఆ రాళ్ళను కొన్ని చోట్ల తీసివేసి, దుంగలను వాగులో పడవేశారు. వాగు మళ్ళీ మెలికలు తిరగడానికి త్రోవ ఇచ్చారు. మన భాషలో దీనిని జీర్ణోద్ధరణ అనాలి.

దానం చేయడం కంటె, చేసిన దానాన్ని పాలించడం మిన్న అని మన దానశాసనాల చివర వ్రాసేవారు. తిరిగి వస్తూ రెండవ వంతెన మీద కాసేపు నిలిచాము. క్రింద ఒక దుంగ అడ్డుపడి, నీరు దాని చుట్టూ నెమ్మదిగా తిరిగి పోతూ ఉన్నది. "ఎవరూ తీయరేమండీ దాన్ని?" అని అడిగింది మా ఆవిడ. తీయకుండా ఉంచడమే ఇక్కడి పాలన అని చెప్పాను.